పక్కింటి మైకు

మంచిర్యాలలో ఉండే మా మేనకోడలు పోయిన నెల ఫోన్ చేసింది. పెళ్ళిరోజు వస్తోందట. ఇంట్లో పదిమంది చేరి, టీవీలో మాటలు కనబడుతుంటే చూసి పాడుకోవాలట. దానికోసం కొత్త డబ్బాలేవీ కొనకుండా, ఉన్న పాత స్టీరియోతోనే పని జరిగిపోవాలట. "మామా, స్టీరియోకు మైకు పెట్టొచ్చా?" అని అడిగింది. చెప్పడానికి నేనెవరిని? బొగ్గుగనుల కంపెనీ స్టోర్సులో కూర్చుని నట్లూ బోల్టులూ రాసుకునే గుమస్తాను. అయినా నా నోరు దానంతట అదే మొదలుపెట్టింది.

"నేరుగ పెడితె దోమ కూసినట్టు వస్తది బిడ్డా. మైకు నుంచి వచ్చే కరెంటు మస్తు తక్కువ, స్టీరియోకు అది సాలదు. నడుమ ఒక చిన్న మిక్సరు పెట్టాలె. మైకు వైరు అండ్లనే, ఫోను వైరు అండ్లనే. మిక్సరు నుంచి ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను వస్తయి. స్టీరియో ఎనుక ఆక్స్ అని రాసుంటది చూడు, అక్కడ గుచ్చు. పాడెటోళ్ళు బాక్సుల ముంగట నిలబడొద్దు, ఎనుకకు ఉండాలె. లేకుంటె కూత పెడ్తది."

"ఇదంత నీకెట్ల ఎరుక?"

"మా పక్క క్వార్టర్ల ఒకాయన ఉంటుండె" అన్నాను. అంతకంటే చెప్పలేదు. ఆయన పోయిన వానాకాలంలో చనిపోయాడు. పెళ్ళిరోజు గురించి మాట్లాడుతున్న పిల్లతో ఆ ముచ్చట ఎందుకని ఊరుకున్నాను.

గోదావరిఖనిలో మా రెండు క్వార్టర్లకూ నడుమ ఒకే గోడ. ఇటు తుమ్మితే అటు వినబడుతుంది. ఆయన హాలేజీ ఆపరేటరు. బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో గనిలోంచి పైకి లాగే ఇంజను ఉంటుంది, దాని దగ్గర కూర్చునే మనిషి. ఎక్కడో కింద చీకట్లో టబ్బుల దగ్గర ఉన్నవాళ్ళు తీగ లాగితే, ఇక్కడ ఆయన పక్కన గంట మోగుతుంది. ఒక గంట కొడితే ఆపాలి. ఇంకెన్ని గంటలకు ఇంకేం చెయ్యాలో వేరే ఉన్నాయి గానీ, ఆ ఒక్క గంటకు మాత్రం ఎదురుమాట లేదు. ఆపకపోతే కింద ఎవరి కాలో, ఎవరి ప్రాణమో పోతుంది.

పొట్టి మనిషి. ఎన్నిసార్లు స్నానం చేసినా కనురెప్పల అంచున బొగ్గు సన్నటి గీతలా ఉండిపోయేది, కాటుక పెట్టుకున్నాడని కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళు. ఏ పనికైనా "నిమ్మలం, నిమ్మలం" అనేవాడు. అన్నం తినేవాడికీ అదే చెప్పేవాడు, బస్సు కోసం ఉరికేవాడికీ అదే చెప్పేవాడు. పాడబోయే ముందు చెప్పులు విడిచి, తెల్లచొక్కా మెడ దాకా గుండీలు పెట్టుకుని, చేతులు సర్దుకునేవాడు. పాడేది తన ఇంటి ముందుగదిలో, వినేది మేం ఆరుగురం. ఆ మర్యాద అంతా ఎవరికోసమో నాకు తెలియదు.

మైకు పట్టుకున్నవాడు ఎవడైనా ముందు దాన్ని వేలితో టక్కున కొట్టి చూస్తాడు. అది ఆయన కంటపడితే పాట అక్కడే ఆగేది. "ఒక్కటి కొట్టొద్దు తమ్మి. కొడితె రెండు కొట్టు" అనేవాడు. రిటైరైన కార్మికులు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు, వాళ్ళు నవ్వకుండా తల ఊపేవాళ్ళు.

స్టీరియో ఆయన పెళ్ళినాటిది. నడుము ఎత్తున రెండు బాక్సులు. క్యాసెట్టు తలుపు ఊడిపోయింది, సీడీ అర తెరుచుకోదు, రేడియోలో గురగుర తప్ప ఏమీ రాదు. వెనుక ఉన్న ఆక్స్ రంధ్రాలు మాత్రం బతికి ఉన్నాయి. ఒకరోజు బజారు నుంచి మైకు తెచ్చి నేరుగా దాన్లో గుచ్చాడు. నన్ను పిలిచి పాడాడు. బాక్సు మీద అరచెయ్యి ఆనించి, "వస్తలేదు" అన్నాడు. నేను బాక్సుకు చెవి ఆనించి, "వస్తున్నదన్నా, సన్నగ" అన్నాను. "నాకైతె వస్తలేదు" అన్నాడు.

తరువాత ఒక సెలవు రోజున కరీంనగర్ పోయి అరచేతి అంత మిక్సరు తెచ్చాడు. దానితోపాటు వచ్చిన ఇంగ్లీషు కాగితం చదివి చెప్పింది నేనే. అట్లా నేనూ సగం మెకానిక్కునయ్యాను. మిక్సరు మీద గుండ్రటి మరలు నాలుగు. ఏది ఎంత తిప్పితే బాగుంటుందో మమ్మల్ని అడిగి, మేం సరే అన్నచోట ఆయన భార్య, మా వదిన వాడే గోళ్ళరంగుతో చుక్క పెట్టుకున్నాడు. ఆ తరువాత ఎప్పుడూ చుక్కకు చుక్క కలిపేవాడే గానీ, విని సరిచేసుకోవడం నేను చూడలేదు. ఎంత పద్ధతి గల మనిషో అని మెచ్చుకున్నాను.

మైకు బాక్సుకు ఎదురుగా వచ్చినప్పుడల్లా కూయ్ మని కూత వచ్చేది. మేమంతా చెవులు మూసుకునేవాళ్ళం. ఆయన మా మొహాలు చూసి, అప్పుడు మైకును పక్కకు తిప్పేవాడు. ఆ ఆలస్యాన్ని కూడా నేను ఆయన నిమ్మలంలోనే జమకట్టాను. పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు అయితే, కిటికీ అద్దాలు గలగలమనేలోపే "పడ్డది" అనేవాడు. నేల మీద ఒట్టికాళ్ళతో ఉంటాడు కదా, అది కాళ్ళకు తెలిసేదని నాకు తట్టలేదు.

పాట మాత్రం అద్భుతంగా పాడేవాడు. పాతవే పాడేవాడు, కొత్తది ఒక్కటి కూడా ముట్టుకునేవాడు కాదు. ఎప్పుడూ కుర్చీలో కూర్చుని, ఎడమచెయ్యి బాక్సు మీద వేసి, కళ్ళు టీవీలో రంగు మారే అక్షరాల మీద పెట్టి పాడేవాడు. ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తేవాడు, ఎక్కడ దించాలో అక్కడ దించేవాడు. ఆదివారం అన్నాలయ్యాక ఆయన ఇంట్లో పాటంటే మా వరస మొత్తానికి అదొక పండుగ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర "అన్‌ఫిట్" అనే మాటను శుభవార్త చెప్పినట్టు చెప్తారు. సర్వీసు కొంత మిగిలి ఉండగా మెడికల్ బోర్డు ఒక కార్మికుణ్ణి ఇక పనికిరాడని తేలిస్తే, ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. నిజంగా రోగం ఉన్నవాళ్ళు బోర్డుకు పోతారు, లేనివాళ్ళూ పోతారు. ఎవరు ఏ బాపతో తెలియక అందరినీ అనుమానంగానే చూడటం మాకు అలవాటైపోయింది. కాళ్ళనొప్పులని చెప్పుకున్నవాడు మార్కెట్లో చురుగ్గా నడిచి కనబడితే చాలు, చాయ్ హోటల్లో వారం రోజులు అదే ముచ్చట.

ఆయనకు ఒక్కడే కొడుకు. ఐటీఐ చేసి ఖాళీగా ఉన్నాడు. అటు కొడుక్కు వయసు దాటిపోతోంది, ఇటు తండ్రి సర్వీసు తరిగిపోతోంది. చెవుల మీద బోర్డుకు పెట్టుకున్నానని ఆయనే నాతో చెప్పాడు. వాకిట్లో నిలబడి, కుడిచెవిని వేలితో చూపించాడు.

"గంట ఇనబడ్తలేదు తమ్మి. మొన్న ఒకటి తప్పిపోయింది. దేవుడు సల్లగ చూసిండు, ఎవలకేం కాలేదు. పోరనికి నౌకరి వస్తె నేను ఆ ఇంజను కాడికెల్లి లేస్త."

నేను సానుభూతిగా తల ఊపాను. లోపల మాత్రం నవ్వుకున్నాను. మాట బాగా నేర్చుకున్నాడు, బోర్డులో కూడా ఇట్లాగే చెప్తాడు కాబోలు అనుకున్నాను. ఆదివారం నాడు పాడిన మనిషి బుధవారం నాటికి చెవిటివాడు ఎట్లా అవుతాడు? ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

ఇంతలో ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఫలానా క్వార్టరులో ఫలానా ఆపరేటరు చెవులు వినబడవని బోర్డుకు పెట్టుకుని, ప్రతి ఆదివారం మైకు పెట్టి పాటలు పాడుతున్నాడని. ఎవరు రాశారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆ ఉత్తరం పట్టుకుని ఒక ఆఫీసరు విచారణకు వచ్చాడు. వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. పక్కింటివాణ్ణి, పైగా కంపెనీ గుమస్తాను, నా మాటకు విలువ ఉంటుంది.

నాకో జబ్బు ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్తానని నాకు గర్వం. స్టోర్సులో ఒక బేరింగు తక్కువైతే పైఆఫీసరు మొహం మీదే చెప్పిన మనిషిని. ఆఫీసరు నీళ్ళు తాగి, కాగితం తీశాడు.

"మీ పక్కింట్ల ఆదివారాలు పాటలు పాడుతరటగద?"

"పాడుతరు సార్."

"ఆయన గూడ పాడుతడా?"

"ఆయనే పాడుతడు సార్. శ్రుతి తప్పడు."

ఆ చివరి ముక్క ఆయన అడగలేదు. నేనే కలిపాను. పాట తెలిసినవాణ్ణని చూపించుకోవడానికి కావచ్చు, నిజం పూర్తిగా చెప్పాలన్న తహతహ కావచ్చు. ఆఫీసరు దాన్ని అట్లాగే రాసుకున్నాడు.

బోర్డులో ఆయనకు చెవులకు యంత్రం పెట్టి పరీక్ష చేశారు. వినబడితే బొత్తాం నొక్కాలి. ఆయన నొక్కలేదు. కానీ నొక్కేది మనిషే కదా, వినబడినా నొక్కకుండా ఉండొచ్చు. అందుకని విచారణ కాగితం చూశారు. "ఫిట్" అని రాసి పంపించేశారు. ఆయన మళ్ళీ ఆ ఇంజను దగ్గరికే డ్యూటీకి పోయాడు. కొడుకు అప్పుచేసి ఆటో కొనుక్కున్నాడు.

ఆ వచ్చిన ఆదివారం ఎప్పటిలాగే గోడ మీద రెండుసార్లు కొట్టి పిలిచాడు. పోవడానికి నాకు మొహం చెల్లలేదు గానీ, పోకపోతే అనుమానం వస్తుందని పోయాను. ఎప్పుడూ మొదటి పాట తనే పాడే మనిషి, ఆ రోజు మైకు నా చేతికిచ్చి, "నువ్వే మొదలుపెట్టు తమ్మి" అన్నాడు. ఎందుకో అర్థం కాలేదు. నా గొంతు మా ఇంట్లో వాళ్ళకే నచ్చదు. అయినా పాడాను, ఆయన చెయ్యి బాక్సు మీద పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్నాడు.

రెండు మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఎవరో చుట్టాలు వచ్చి, వీడియో తీస్తాం, కుర్చీలోంచి లేచి నిలబడి పాడమన్నారు. ఆయన గది నడిమికి వచ్చి నిలబడ్డాడు. చేతికి ఆనుకోవడానికి బాక్సు లేదు. పాట మొదలైన కాసేపటికి ఎవరి కాలో తగిలి ఎర్ర పిన్నూ తెల్ల పిన్నూ ఊడిపోయాయి. బాక్సులు రెండూ ఒక్కసారిగా మూగబోయాయి. టీవీలో అక్షరాలు మాత్రం రంగు మారుతూ పోతున్నాయి.

ఆయన పాడుతూనే ఉన్నాడు. తబలా లేదు, వయొలిన్ లేదు, మైకులోంచి ఆయన గొంతు కూడా బయటికి రావడం లేదు. ఒట్టి గొంతు. మొదట బాగానే ఉంది. రెండో చరణానికి వచ్చేసరికి ఒక పక్కకు జారిపోయింది. ఇంకా గట్టిగా పాడాడు, ఇంకా జారింది. ఏం చెయ్యాలో ఎవ్వరికీ తోచలేదు. ఆయన మొహంలో మాత్రం రోజూ ఉండే ఆనందమే ఉంది.

వంటింట్లోంచి వదిన వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, ఆయన భుజం మీద ఒక్కసారి తట్టింది. ఆయన వెంటనే ఆపేశాడు. బాక్సుల వైపు చూశాడు, నేల మీద పడి ఉన్న పిన్నుల వైపు చూశాడు, తరువాత మమ్మల్ని చూశాడు. "నిమ్మలం" అని, వంగి తనే వాటిని మళ్ళీ గుచ్చుకున్నాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. ఆ మనిషి పాడేది చెవితో కాదు. ఎన్నడో చెవులు బాగున్ననాడు గొంతుకు పట్టిన పాటలు అవి. బాక్సు అదురు చేతికి తెలుస్తుంది, అక్షరాలు కంటికి తెలుస్తాయి. మిగతాది అలవాటు. నేను దాన్ని చూసి శ్రుతి తప్పడని రాయించాను. దానివల్ల ఒక పిల్లవాడి నౌకరి పోయింది. అది ఒక పక్క. గంట వినబడని మనిషి చేతిలో రోజుకు ఒక షిఫ్టు కింద ఉన్నవాళ్ళ ప్రాణాలున్నాయి. అది ఇంకా పెద్ద పక్క.

ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి కదా, అప్పుడే పోయి చెప్పాల్సింది. పోలేదు. పోతే ముందు నా మాట తప్పని ఒప్పుకోవాలి. దానికి బదులు, ఆ గనిలో టబ్బుల దగ్గర పనిచేసే ఒకతను స్టోర్సుకు వస్తే, ఊరికే అడిగినట్టు అడిగాను, మీ ఆపరేటరుకు గంట వినబడుతుందా అని.

అతను చేతిలో కాగితం నా బల్ల మీద పెట్టాడు. "మాకందరికి ఎరుకే సార్. మీ ఆఫీసోళ్ళకే తెల్వది" అన్నాడు. "షిఫ్టంత ఎడమచెయ్యి గంట మీదనే పెట్టుకోని కూసుంటడు. నీళ్ళు తాగెటప్పుడు గూడ తియ్యడు. మేం గూడ గట్టిగ కొడుతం, ఆగి ఆగి కొడుతం. చెయ్యికి తెల్వాలెగద."

"మరి మీరెవ్వరు చెప్పలేదా?"

"చెప్తె ఏమైతది? అబద్ధమాడుతున్నడని ఒకసారి రాసిండ్రు. ఇగ మేం చెప్తె మేం గూడ కలిసినమంటరు."

ఆ తరువాత సర్వీసు అయిపోయేదాకా ఒక్క ప్రమాదం జరగలేదు. చెయ్యి గంట మీద పెట్టుకుని ఒక మనిషి అన్ని షిఫ్టులు కూర్చున్నాడు. రిటైరైన రోజు శాలువా కప్పి, క్రమశిక్షణ గురించి మాట్లాడారు. నేను కూడా చప్పట్లు కొట్టాను.

క్వార్టరు ఖాళీ చేసి కమాన్‌పూర్ దగ్గర రెండు గదులు వేసుకున్నారు. కొడుకు ఆటో గోదావరిఖనికీ మంచిర్యాలకూ తిప్పుతాడు. నేను నెలకో రెండు నెలలకో ఒకసారి పోయి వచ్చేవాణ్ణి. పోయినప్పుడల్లా ఈసారి చెప్పేద్దామనుకునేవాణ్ణి, చెప్పకుండా వచ్చేవాణ్ణి. ఆయనకు కాస్తో కూస్తో మిగిలిన ఎడమచెవి కూడా పూర్తిగా పోయింది. స్టీరియో మీద దుప్పటి కప్పేశారు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం పోయాను. ఆయన బల్ల మీద కూర్చుని, చప్పుడు లేకుండా నడుస్తున్న టీవీని చూస్తున్నాడు. నన్ను చూసి పక్కన చోటిచ్చాడు. ఇద్దరం ఒకే వైపు మొహాలు పెట్టి కూర్చున్నాం. అదే అదనుగా, ఆయన వైపు తిరగకుండా, టీవీకి చెప్పినట్టు చెప్పాను.

"అన్నా, ఆ దినం ఆఫీసరుకు చెప్పింది నేనే. నువ్వు శ్రుతి తప్పవని నేనే అన్న. నీకు ఇనబడ్తున్నదనుకున్న. నీ కొడుకు నౌకరి నా నోటితోనే పోయింది."

చెప్పేశాక ప్రాణం తేలికైంది. వినబడనివాడికి చెప్పుకోవడంలో ఇంత సుఖముందని నాకు తెలియదు. ఆయన టీవీ చూస్తూనే ఉన్నాడు. నేను మొహం తుడుచుకుని వెనక్కి తిరిగితే, గుమ్మంలో వదిన రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది.

ఎంతసేపటి నుంచి ఉందో అడగలేదు. మొత్తం విందని మొహం చూస్తేనే తెలిసింది. గ్లాసులు మా ముందు పెట్టి, నిదానంగా అంది.

"మీ అన్నకు ఎరుకే తమ్మి. బోర్డుల సారు కాయితం ముంగట పెట్టి చూపిచ్చిండట. ఇంటికొచ్చి ముందుగాల ఏం చెప్పిండో ఎరుకనా? పోరని నౌకరి పోయిన సంగతి కాదు. తమ్ముడు నన్ను శ్రుతి తప్పడని రాయిచ్చిండు అని చెప్పిండు. ఆ మాట చెప్పుకుంట అన్నం తిన్నడు. అన్నం తిన్నంక ఏడ్చిండు."

నేను చాయ్ ఒక గుక్క తాగాను.

"ఒక్కనాడు నిన్ను తిట్టలేదు. నువ్వు వచ్చినప్పుడల్ల చూస్తడు, తమ్ముడు గిప్పుడన్న చెప్తడేమో అని. పక్కన కూసోని చెప్తె ఎట్ల తెలుస్తది? ముంగటకు వచ్చి చెప్పు. నోరు చూసి తెలుసుకుంటడు."

చెప్పి అక్కడే నిలబడింది. నేను లేచి, కుర్చీ లాక్కుని, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. ఏదో చెప్పబోతున్నానని ఆయనకు అర్థమైంది. టీవీ ఆపేశాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కొద్దిగా ముందుకు వంగి, నా నోటి వైపు చూశాడు. అంత శ్రద్ధగా నా నోటి వైపు నా జన్మలో ఎవరూ చూడలేదు.

"చాయ్ బాగున్నదన్నా" అన్నాను.

ఆయన ఇంకాసేపు అట్లాగే చూశాడు. ఆ తరువాత తల ఊపి, నాకు ఇంకో గ్లాసు పొయ్యమని వదినకు చెప్పాడు.